అవకాశాల్లేకే రాస్తున్నాడట!

నటుడు కలం పడితే చాలు, మనవాళ్ల నోట వెంటనే వచ్చే మాట ఒకటుంది: ‘‘వేషాలు తగ్గినట్టున్నయ్.’’ 2023 మార్చి 3న, కమెడియన్ వేణు ఎల్దండి రాసి తీసిన ‘బలగం’ సినిమా విడుదలైంది. కొద్ది వారాల్లోనే ఊరూరా తెరలు కట్టుకుని జనం చూశారు. అప్పుడు కూడా ఈ మాట ఆగలేదు. జనగామ జిల్లా రఘునాథపల్లిలో హైవే పక్కన చాయ్ తాగే చోట, జనగామ బస్సు కోసం నిలబడ్డ చోట సినిమాను ఆకాశానికెత్తుతూనే, ‘‘జబర్దస్త్‌ల కామెడీ చేసేటోడు గీ కథ రాసిండా? చాన్సుల్లేక కూసుండి రాసినట్టుండు, తగిలింది’’ అనేవాళ్లు. టీవీ ఇంటర్వ్యూల్లో ఇదే మాటకు ఇస్త్రీ చేసి వాడారు: ఒక కమెడియన్‌లో ఇంత రచయిత దాగి ఉన్నాడా అని. రెండూ ఒకటే. నటన ఒక పని, రాత ఇంకో పని. మొదటిది సాగనప్పుడు రెండోదాన్ని ఆశ్రయిస్తారు. ఆశ్రయించినవాళ్లలో ఏ ఒక్కడికో లాటరీ తగులుతుంది. ఆ మెచ్చుకోలు లోపల ఉన్న నమ్మకం ఇదే.

ఈ నమ్మకం తప్పు. నటుడు రచయితగా మారడు. అప్పటిదాకా నోటితో రాసిందాన్ని కాగితం మీద పెడతాడు. మారేది టైటిల్ కార్డులో అతని పేరుండే చోటు మాత్రమే.

వేరే ఎక్కడైనా ఈ అపోహ పుట్టిందంటే సరిపెట్టుకోవచ్చు. మన దగ్గర ఎట్లా పుట్టిందన్నదే ఆశ్చర్యం. రఘునాథపల్లి మండలంలోనే ఖిలాషాపూర్ ఉంది, సర్వాయి పాపన్న కోట ఉంది. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, 1710లో మొగలాయి పాలకుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్న పాపన్న కథను ఇన్నేళ్లు బతికించింది ఏ ఆస్థాన కవీ కాదు. ఊరూరా తిరిగి పాడి, ఆడి చూపినవాళ్లు బతికించారు. 1874లో ఒక ఇంగ్లీషు దొర ఆ పాటను పత్రికలో అచ్చు వేయించేనాటికే అది ఎన్ని నోళ్లలో నలిగి, ఎన్ని మలుపులు తిరిగి వచ్చిందో! దాని రచయిత ఎవరంటే పేరు చెప్పలేం. ఆడినవాళ్లే రాశారు.

పక్కనే లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం. ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య ఊరు. సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకుని, 2017లో కన్నుమూసిన మనిషి. ఆయన్ని కళాకారుడన్నారు, గాయకుడన్నారు, జానపద దిగ్గజమన్నారు. రచయిత అన్నవాళ్లెంతమంది? ఇదే జనగామ జిల్లాలో చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ తెచ్చిన గడ్డం సమ్మయ్య విషయంలోనూ అంతే.

ఒగ్గు కథను దగ్గర కూర్చుని చూసినవాళ్లకు నేను చెప్పేది కొత్త కాదు. డోలు మోగుతుంటుంది, ప్రధాన కథకుడు ఎల్లమ్మ కథ చెబుతుంటాడు. పక్కవాడు ఊ కొడుతూనే అడ్డం తగులుతాడు: ‘‘గదెట్లయితదే?’’ ముందు వరుసలో ముసలవ్వలు కొంగుతో కళ్లొత్తుకుంటుంటే కథకుడు ఆ ఘట్టం దాటడు, ఇంకాస్త సాగదీస్తాడు. వెనక పిల్లలు లేచి పోతున్నారంటే పక్కవాడి వైపు ఒక చూపు చూస్తాడు. అంతే, వాడు తువ్వాల నెత్తిన కప్పుకుని క్షణంలో గయ్యాళి అత్త అవుతాడు. ఆ యేడు వాన పడకపోవడం, ఊరి పెద్దమనిషి పిసినారితనం, ఎరువు బస్తాల కోసం లైన్లు కట్టడం, అన్నీ అమ్మవారి కథలోకి దర్జాగా నడిచొస్తాయి. ఎక్కడ ఆపాలి, ఎక్కడ పరుగెత్తించాలి, ఏడుపుకూ నవ్వుకూ మధ్య ఎంత ఎడం ఉండాలి అన్నది అక్కడికక్కడే తేల్చుకుంటారు. ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్లో ఏసీ వేసుకుని నెలల తరబడి కథా చర్చల్లో చేసేదీ ఇదే పని. అక్కడ దాని పేరు స్క్రీన్‌ప్లే.

ఇప్పుడు వేణు ఎల్దండి దగ్గరికి రండి. సిరిసిల్ల మనిషి. ‘మున్నా’ (2007)లో టిల్లు వేషంతో గుర్తుండిపోయి, ఆ పేరే ఇంటిపేరైనవాడు. 2013లో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైనప్పుడు ‘వేణు వండర్స్’ టీమ్ లీడర్. స్కిట్టు అంటే మన సాహిత్యకారులకు చులకన. ఆ కార్యక్రమంలో వచ్చిన మాటలన్నిటినీ నేనూ వెనకేసుకు రాను, ఆడవాళ్ల మీద వేసిన ఎన్నో జోకులు వినలేం. కానీ పనిగా చూడండి. కొద్ది నిమిషాల్లో ఒక చోటు, ఒక తగువు, ఒక తలకిందులు, ఒక ముగింపు. ఎదురుగా జడ్జీలు, చుట్టూ జనం. నవ్వు రాలేదంటే ఆ సంగతి రాసినవాడికి అక్కడే, ఆ క్షణమే తెలిసిపోతుంది. మన కథా రచయితల్లో ఎందరికి ఇంత కఠినమైన పాఠకుడు దొరికాడు? హైపర్ ఆది ఆ కార్యక్రమంలో మొదట అదిరే అభి టీమ్‌కు రాసినవాడే, తర్వాత తెర మీదికొచ్చి టీమ్ లీడర్ అయ్యాడు. అంటే ఆ గదిలో నటుడికీ రచయితకూ మధ్య గోడ ఎప్పుడూ లేదు. గోడ బయటున్న మన కళ్లలోనే ఉంది.

‘బలగం’ బలం ఈ బడిలోంచే వచ్చింది. ఉదాహరణకు నల్లిబొక్క, అంటే మూలుగ ఎముక. దావత్‌లో అల్లుడు నారాయణకు నల్లిబొక్క పడలేదన్న చిన్న సంగతి మాటా మాటా పెరిగి, ఆడబిడ్డను ఏళ్ల తరబడి పుట్టింటికి దూరం చేస్తుంది. ఇది నూటికి నూరుపాళ్లు స్కిట్టు సరుకు. ఏ టీమ్‌కిచ్చినా పొట్ట చెక్కలయ్యేలా ఆడేస్తారు. ‘బలగం’ కూడా మొదట నవ్విస్తుంది. ఆ నవ్వు గొంతులో ఉండగానే, దీనికోసమా ఒక ఆడపిల్ల తండ్రి బతికుండగా గడప తొక్కలేదు అన్న సంగతి వచ్చి గుచ్చుతుంది. నవ్వు ఎక్కడ తెగాలో స్టేజీ మీద నిలబడి నేర్చుకున్నవాడికే ఆ కొలత తెలుస్తుంది. కొమురయ్య చచ్చిపోయిన రోజున మనవడు సాయిలు బాధ తాత పోయాడని కాదు, తన లగ్గం ఆగితే కట్నం డబ్బుతో తీర్చాలనుకున్న అప్పు ఏంగావాలని. కాగితం మీద ఇది చదివితే మనవడు దుర్మార్గుడిలా కనిపిస్తాడు. ప్రియదర్శి ముఖం మీద చూస్తే మన ఇంట్లోవాడే. ముఖం ఎంత భారం మోయగలదో తెలిసిన మనిషి రాసిన సీను అది.

భాష సంగతి ఇంకా ముఖ్యం. ఎన్నో ఏళ్లు మన సినిమాల్లో తెలంగాణ మాట విలన్‌కో, పక్కన నిలబడి నవ్వించేవాడికో దక్కేది. ఆ నవ్వించే వేషాలు వేసినవాళ్లలో వేణు ఒకడు. తన ఇంటి మాటను తానే పరాయిగా, వెటకారంగా పలికితేనే కూలి దొరికిన నటుడికి, ఆ మాటలో అవమానం ఎక్కడ దాగుందో వేరే చెప్పాలా? అందుకే ‘బలగం’లో ఇంటిల్లిపాదీ ఆ భాషే మాట్లాడతారు, ఎవరూ దాన్ని జోకు కోసం పలకరు. తానేమో అందులో టైలర్ నర్సిగా చిన్న వేషంతో సరిపెట్టుకున్నాడు. చాన్సుల్లేక రాసుకున్నవాడైతే పెద్ద వేషం తనకే రాసుకునేవాడు కదా?

అన్నిటికంటే నాకు నచ్చింది ముగింపు. అన్నదమ్ములు, ఆడబిడ్డ కలిసే చోట కాగితపు రచయిత రెండు పేజీల డైలాగులు దంచేవాడు. వేణు పాత్రల నోళ్లు మూయించి, వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మల చేతికి కథను అప్పగించాడు. (మొగిలయ్య 2024 డిసెంబరులో పోయాడు.) తన మాట ఎక్కడ ఆపి ఎదుటివాడికి తావివ్వాలో నటుడికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

సరే, అవకాశాల వాదనకే వద్దాం. హర్షవర్ధన్ ‘అమృతం’ సీరియల్‌తో ఇంటింటికీ తెలిసిన నటుడు. ‘ఇష్క్’ (2012), ‘గుండె జారి గల్లంతయ్యిందే’ (2013), ‘మనం’ (2014) సినిమాలకు మాటలు రాశాడు. నటన మానలేదు, ఇప్పటికీ వేషాలు వేస్తూనే ఉన్నాడు. ‘మనం’లో ఒక నడివయసు మనిషి తనకంటే సగం వయసున్న కుర్రాడిలో చనిపోయిన తండ్రిని చూసి మురిసిపోతాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా థియేటర్ గొల్లుమనేది. ఆ మాటలు పెదవి మీద ఎట్లా కూర్చుంటాయో పలికి చూసుకోగల రచయిత కావడం వల్లే ఆ సన్నివేశాలు నిలబడ్డాయని నా నమ్మకం. తనికెళ్ల భరణి ‘శివ’ (1989)కు మాటలు రాస్తూనే అందులో నానాజీ వేషం వేశాడు. ఆయన్ని ఏ గంపలో వేస్తారు? అంతదూరం ఇంగ్లండులో ఎమ్మా థాంప్సన్ ‘హవర్డ్స్ ఎండ్’ సినిమాకు ఉత్తమ నటిగా ఆస్కార్ తీసుకుని, చేతినిండా అవకాశాలున్న కాలంలోనే ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’కి స్క్రీన్‌ప్లే రాసి రెండో ఆస్కార్ తెచ్చుకుంది.

ఎదుటివాళ్ల దగ్గర గట్టి ముక్క ఒకటుంది: సలీం ఖాన్. ఇండోర్ నుంచి హీరో కావాలని బొంబాయి వెళ్లి, ‘తీస్రీ మంజిల్’ (1966) లాంటి సినిమాల్లో చిన్న వేషాలతో ఆగిపోయి, జావేద్ అఖ్తర్‌తో కలిసి ‘జంజీర్’, ‘దీవార్’, ‘షోలే’ రాశాడు. ఆ ‘జంజీర్’ మన దగ్గర ఎన్టీఆర్ ‘నిప్పులాంటి మనిషి’, వాళ్ల ‘డాన్’ మన ‘యుగంధర్’. చూశారా, నటుడిగా ఓడాకే కదా రాశాడు అంటారు. ఓడాడు, నిజమే. అయితే బొంబాయిలో నటుడిగా ఓడినవాళ్లు వేలమంది. వాళ్లలో ‘దీవార్’ ఎందరు రాశారు? అవకాశాల్లేకపోవడమే రచయితను చేసేదైతే, వేషాల కోసం ఎదురుచూసేవాళ్లుండే కృష్ణానగర్ గల్లీల్లో ఇంటికో గురజాడ ఉండాలి. వేషం దొరకకపోవడం ఖాళీ సమయాన్ని ఇస్తుంది, విద్యను ఇవ్వదు. సలీంకు విద్య సెట్ల మీద, ఇతరులు రాసిన నిస్సారపు డైలాగులు పలుకుతూ వచ్చి ఉండాలి. ‘డీజే టిల్లు’ హీరో సిద్ధూ జొన్నలగడ్డకూ 2009 నుంచి చిన్నాచితకా వేషాల్లో ఇదే జరిగిందనుకుంటాను.

ఇంకో ఆరోపణ ఉంది, దీంట్లో కొంత పస ఉంది. హీరోలు రాస్తే తమ భుజాలు తామే చరుచుకోవడానికి రాస్తారని. అట్లాంటి సినిమాలు లేకపోలేదు. కానీ ‘డీజే టిల్లు’ (2022)లో సిద్ధూ తనకోసం రాసుకున్న పాత్ర చూడండి: నోరు తప్ప ఏమీ లేనివాడు, హీరోయిన్ రాధిక మాటకు బోల్తా పడి శవాన్ని మోసేవాడు. తేడా పక్కనున్నవాడి దగ్గర ఉంది. హీరో అడివి శేష్ తానే దర్శకత్వం వహించిన ‘కిస్’ (2013)లో తేలిపోయాడు, మూడేళ్లకు రవికాంత్ పేరేపు దర్శకుడిగా, ఇద్దరూ కలిసి పనిచేసిన ‘క్షణం’ (2016)తో నిలదొక్కుకున్నాడు. అదే రవికాంత్ తర్వాత సిద్ధూతో కలిసి ‘కృష్ణ అండ్ హిజ్ లీల’ (2020) రాశాడు. ‘డీజే టిల్లు’కు సిద్ధూ పక్కన దర్శకుడు విమల్ కృష్ణ ఉన్నాడు. సలీం పక్కన జావేద్. నటుడు రాసేటప్పుడు ఎదురుగా ఒకడుండాలి, ‘గదెట్లయితదే’ అని అడ్డం తగలాలి. ఒగ్గు కథలో ఆ పక్కవాడిని ఊరికే పెట్టలేదు. ఒంటరిగా గది తలుపేసుకుని అద్దంలో తనను తాను చూసుకుంటూ రాసే నటుడు దెబ్బతింటాడు. ఇది నటులకున్న లోపమే, ఒప్పుకుంటాను. అయితే అది పని చేసే తీరుకు సంబంధించిన లోపం, అర్హతకు సంబంధించింది కాదు.

‘‘వాళ్లు నెరేషన్ బాగా యాక్ట్ చేసి నిర్మాతను బుట్టలో వేస్తారు’’ అని ఒక గొణుగుడు కూడా వింటుంటాం. మన పరిశ్రమలో కథ చదివి ఒప్పుకునేవాళ్లు తక్కువ, విని ఒప్పుకునేవాళ్లే ఎక్కువ. చెప్పగలవాడికి పైచేయి ఉంటుంది, కాదనను. కానీ నెరేషన్ నిర్మాతను మాత్రమే ఒప్పిస్తుంది. ఊరి కూడలిలో తెర ముందు చాప వేసుకుని కూర్చున్న ముసలవ్వకు ఎవరూ నెరేషన్ ఇవ్వలేదు.

నన్నడిగితే, చిన్నచూపుకు అసలు కారణం ఇంకొకటుంది. నటులు సెట్ మీద చేర్చిన మాటలు, మార్చిన ముగింపులు, కమెడియన్లు తమ ట్రాకుల్లో పుట్టించిన పంచ్‌లు మన సినిమాల నిండా ఉన్నాయి. వాటికి పేరు లేదు, పైసా లేదు. వాటిని రచన అని ఒప్పుకుంటే లెక్క చెప్పాల్సి వస్తుంది, అందుకే ‘ఇంప్రొవైజేషన్’ అనో, ‘టైమింగ్’ అనో పక్కకు పెట్టేస్తారు. ‘జంజీర్’ పోస్టర్ల మీద రచయితల పేర్లు లేకపోతే సలీం, జావేద్ పెయింటర్‌ను పెట్టి బొంబాయిలో ఆ పోస్టర్ల మీదే తమ పేర్లు రాయించుకున్నారు. మన కమెడియన్లకు అంత తెగువ ఇంకా రాలేదు. ‘బలగం’ తర్వాత వేణు ‘ఎల్లమ్మ’ సినిమా పనిలో పడ్డాడు. అది విడుదలయ్యేనాడు మైకు పట్టుకుని ‘‘నటన వదిలి ఇటెందుకొచ్చారు?’’ అని మళ్లీ అడగబోయే విలేకరికి నాదొక ప్రశ్న అప్పగిస్తున్నాను, దమ్ముంటే దాన్నే అడగమనండి: ‘‘అన్నా, నటుడిగా ఉన్నప్పుడు నువ్వు పుట్టించిన మాటలు ఎన్ని సినిమాల్లో ఎవరెవరి పేర్ల కింద ఉన్నయ్?’’