నీళ్ల కింద ఊరు

నాయనమ్మని ఒప్పించడానికి నాకు మూడు వారాలు పట్టింది. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో టీవీ, బాల్కనీ తప్ప ఇంకేం తోచక కూర్చునే మనిషి, నాగార్జునసాగర్ వన్ డే టూర్ అనగానే "ఆ నీళ్లు చూట్టానికా? నేన్రాను" అనేసింది. చివరికి ఎత్తిపోతల జలపాతం కూడా ఉందని చెప్పి బస్సెక్కించా.

పొద్దున్నే మినీ బస్సు. దాదాపు 150 కిలోమీటర్ల దారి. గైడ్‌ది నా వయసే ఉంటుంది. మైక్ పట్టుకుంటే వదలడు గానీ విషయం ఉన్నవాడే. డ్యామ్ దగ్గర గడగడా చెప్పేశాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారట, 1967లో కాలవలకి నీళ్లు వదిలారట, మొత్తం 26 గేట్లట. మేమంతా సెల్ఫీల్లో మునిగిపోయాం. నాయనమ్మ బస్సు దిగలేదు.

అసలు కథ లాంచీలో మొదలైంది. నాగార్జునకొండ ఇప్పుడు నీళ్ల మధ్య ద్వీపం. డ్యామ్ రాకముందు అది లోయ పక్కన నిలబడ్డ మామూలు కొండ. మూడో శతాబ్దంలో ఆ లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. స్తూపాలు, విహారాలు, గుళ్లు, స్నానఘట్టాలు అన్నీ అక్కడే. రిజర్వాయర్‌లో మునిగిపోతాయని 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ ఆ లోయని తవ్వింది. దొరికిన శిల్పాలు కొండ మీద మ్యూజియంలో పెట్టారు. కొన్ని కట్టడాల్ని విప్పి కొండ మీదా, అనుపు దగ్గరా మళ్లీ కట్టారు.

సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, నాకు సర్వర్ మైగ్రేషన్ గుర్తొచ్చింది. షట్‌డౌన్ డేట్ ఫిక్స్, ఈలోపు ముఖ్యమైన డేటా అంతా కొత్త చోటికి. "భలే చేశారు కదా!" అన్నా, గట్టిగానే.

నాయనమ్మ నీళ్ల వైపే చూస్తోంది. "మా ఊరూ ఇక్కడే" అంది.

ఊరు మునిగిందని నాకు తెలుసు. మా ఇంట్లో అది ఒక్క ముక్కలో అయిపోయే సంగతి. గైడ్ మైక్ ఆపేసి వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఎటువైపమ్మా?" అనడిగాడు. ఆమె చెయ్యి చాపి చూపించింది. ఇక ఆగలేదు. తలుపులు, దూలాలు పీకి ఎడ్లబండికి ఎత్తారట. గేదె కొత్త ఊళ్లో ఉండలేక పలుపు తెంపుకుని రెండుసార్లు వెనక్కి పోయిందట. "గుళ్లో దేవుణ్ణి తెచ్చుకున్నాం. మా అత్త సమాధి ఎట్టా తెస్తాం?" అంది.

నా మైగ్రేషన్ లెక్కలో ఇవేవీ లేవు.

"కోపం లేదా నీకు?" అనడిగా.

"కోపమెందుకురా? ఆ కాలవ నీళ్లతోనే గదా మీ నాన్న చదివింది. నీ ఇంజినీరింగ్ ఫీజూ ఆ వడ్లు అమ్మే కట్టాం. మంచే జరిగింది. మంచి జరిగిందని ఊరు గుర్తు రాకుండా పోద్దా?"

మ్యూజియంలో పాలరాయి లాంటి తెల్లటి శిల్పాల్ని నాయనమ్మ చాలాసేపు చూసింది. ఎత్తిపోతల దగ్గర చంద్రవంక వాగు 70 అడుగుల పైనుంచి దూకుతుంటే మాత్రం బజ్జీలు తింటూ చిన్నపిల్లలా నవ్వింది.

మీరూ వెళ్లండి. శుక్రవారం మ్యూజియం ఉండదు. లాంచీ నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి. మీ ఇంట్లో ఆ వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్లుంటే, వాళ్లు వద్దన్నా తీసుకెళ్లండి. గైడ్ చెప్పని సగం వాళ్ల దగ్గరుంటుంది.

తిరిగొచ్చేటప్పుడు లాంచీలోంచి నాయనమ్మ ఒక ఫొటో తియ్యమంది. అందులో ఏమీ లేదు, నీళ్లే. మాచర్లలో ఉన్న చెల్లెలికి వాట్సాప్ చెయ్యమంటే చేశా. రాత్రి వాయిస్ మెసేజ్ వచ్చింది: "అక్కా, ఇది మన చింతచెట్టు కాడే గదా?"

నాయనమ్మ ఫోన్ లాక్కుంది. "కాదే, ఇంకాస్త ఇవతల!"