తెర మీది రంగు నిజమేనా?



పట్టుచీర కొనేటప్పుడు మీ అమ్మ ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? కొట్టులో దీపాల వెలుగున చీరను ఎంత అందంగా పరిచి చూపినా ఆమె నమ్మదు. కొంగు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, ఎండవెలుగులో ఒకసారి తిప్పి చూసిగాని బేరం మొదలుపెట్టదు. వెలుగు మారితే రంగు మారుతుందని ఆమెకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

అయితే ఈ రోజుల్లో చీరలన్నీ గుమ్మం దాకా రావు. మన నిమ్మనపల్లెకు దగ్గరలోనే, మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గాల మీద పట్టుచీరలు నేస్తారు కదా. అలాంటి చీర ఒకటి ముందు ఫొటోగా మారి హైదరాబాదుకు పోయిందనుకోండి. అక్కడివారు చూసి, మెచ్చి, డబ్బు పంపారు. తీరా చీర చేరాక, "మేము మెచ్చినది మామిడిపండు రంగు, వచ్చినది నిమ్మపండు రంగు" అని తిప్పి పంపేశారు. రానుపోను ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? చాలాసార్లు నేసినవారి నెత్తినే. వారు అబద్ధం చెప్పలేదు, కొన్నవారూ చెప్పలేదు. ఫొటోను దిద్దిన కంప్యూటరు తెర చెప్పింది!

అదెలాగో చూద్దాం. కంప్యూటరు తెర మీద పసుపుపచ్చని బొమ్మ ఉన్నచోట మంచి భూతద్దం పెట్టి చూడండి. అక్కడ పసుపు కనిపించదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఈ మూడు రంగుల సన్నని గడులే ఉంటాయి. ఎరుపూ ఆకుపచ్చా కలిసి వెలిగితే మన కంటికి పసుపుగా తోస్తుంది. మామూలు తెరలో ఒక్కొక్క రంగుకు 256 మెట్లు. మూడింటినీ కలిపితే ఎన్ని రంగులో లెక్క వేయండి. 1,67,77,216 రావాలి.

ఈ మూడు రంగుల కిటుకును 1861లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మాక్స్‌వెల్ అనే శాస్త్రజ్ఞుడు చేసి చూపాడు. ఒకే వస్తువును ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా వేర్వేరుగా ఫొటోలు తీయించి, ఆ మూడింటినీ మూడు రంగుల వెలుగులతో ఒకే తెర మీద కలిపాడు. ఆ వస్తువు ఏమిటో తెలుసా? గళ్ళ రిబ్బను! రంగుల ఫొటో కథ బట్టముక్కతోనే మొదలైందన్నమాట.

మరి చిక్కు ఎక్కడుంది? "ఎరుపు 200వ మెట్టు" అని కంప్యూటరు చెబితే, అన్ని తెరలూ ఒకే ఎరుపును చూపవు. తయారీలో తేడా ఉంటుంది, వయసుతో తేడా వస్తుంది. మీ ఇంట్లో రెండు ఫోనులుంటే ఒకే ఫొటోను రెండింటిలో పెట్టి పక్కపక్కన చూడండి, తెలిసిపోతుంది. ఒక తెర నీలం వైపు మొగ్గి ఉంటే, దాని ముందు కూర్చున్నవారు ఫొటో నీలంగా ఉందనుకుని పసుపు కలుపుతారు. నిమ్మపండు మామిడిపండు అయిపోతుంది!

చూసి పోల్చుకోలేరా అంటారేమో. పోల్చుకోలేరు. సాయంత్రం వీధిలో నిలబడి చూస్తే, పచ్చని బల్బు వెలిగే ఇల్లు లోపలంతా పసుపుగా కనిపిస్తుంది. లోపలికి వెళ్ళి కాసేపు కూర్చుంటే అవే గోడలు తెల్లగా తోస్తాయి. మన కన్ను అలా సర్దుకుపోతుంది. బతకడానికి అది వరమే, కాని ఈ పనిలో కంటి సాక్ష్యం చెల్లదు.

అందుకే, టమాటా మండీలో కాటాను పడికట్టు రాళ్ళతో సరిచూసినట్టు, తెరను కూడా సరిచూడాలి. దీనికి కలరీమీటరు అనే పరికరం ఉంది. అరచేతిలో ఇముడుతుంది. తెరను అరగంటసేపు వెలగనిచ్చి, రాత్రిపూట తెరను పచ్చబరిచే ఏర్పాటును ఆపి, పరికరాన్ని తెరకు ఆనించాలి. తెలుపు 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు చదరపు మీటరుకు సుమారు 100 నుంచి 120 కాండెలాలు అని చెప్పాలి. తెరలు చాలావరకు దీనికంటే ఎక్కువ వెలుగుతో ఉంటాయి. అలాంటి తెర మీద దిద్దిన ఫొటో అచ్చువేస్తే నల్లబడుతుంది. ఇక కంప్యూటరు ఒకదాని తరువాత ఒకటి రంగులు చూపుతుంది, పరికరం కొలుస్తుంది. తాను పంపిన రంగుకూ బయటికి వచ్చిన రంగుకూ గల తేడాను కంప్యూటరు ఒక పట్టీలో రాసుకుని, ఇకమీదట ఆ మేరకు సవరించి చూపుతుంది. ఈ పని నెలకొకసారి చేయాలి. ప్రతివారూ పరికరం కొనాలని నేననను. ఊళ్ళోని నాలుగైదు స్టూడియోలవారు కలిసి ఒకటి కొనుక్కుంటే చాలు.

కొత్తగా తెర కొనేవారు దాని సైజు చూసి మురిసిపోకూడదు. ఎదురుగా ఒకసారి, పక్కకు జరిగి ఒకసారి చూడాలి. కొన్ని రకాలలో పక్కకు జరగగానే రంగు మారిపోతుంది. ఐ.పి.ఎస్. రకంలో అంతగా మారదు. 1996లో రెండు కంపెనీలు కలిసి ఎస్.ఆర్.జి.బి. అనే రంగుల హద్దును ప్రతిపాదించాయి. ఆ హద్దును పూర్తిగా, నూటికి నూరుపాళ్ళూ చూపగల తెర అయితే ఫోనులకు పంపే ఫొటోలకు సరిపోతుంది. కొట్టులో కళ్ళు చెదిరేలా వెలిగే తెరను నమ్మకండి. అది గిరాకీ కోసం పెట్టిన వెలుగు.

ఇంత చేసినా కొన్నవారి ఫోను మన చేతిలో లేదు. నిజమే. కాని మన తప్పు మీద వారి ఫోను తప్పు వచ్చి పడకుండా సగం పని జరిగినట్టే. ఫొటో తీసేటప్పుడు చీర పక్కన ఒక తెల్లకాగితం పెట్టి తీస్తే ఇంకా మేలు. చూసేవారికి పోల్చుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఒక్క నెమలికంఠం రంగు చీర దగ్గర మాత్రం ఏ తెరైనా ఓడిపోతుంది. దానిలో పడుగు ఒక రంగు, పేక మరొక రంగు. మడత కదిలినప్పుడల్లా ఒకసారి నీలం, ఒకసారి ఆకుపచ్చ పైకి వస్తాయి. దానిని ఒక్క ఫొటోలో పట్టలేము. అలాంటి చీరను ఎండలో అటూ ఇటూ కదిలిస్తూ చిన్న వీడియో తీసి పంపవలసిందే.