“వచ్చే ఏడాది చూద్దాం” అనే మాట

మన మహాత్మా గాంధీ రోడ్డులో పెళ్ళి బ్యాండు దుకాణాలు మీరు చూసే ఉంటారు. గోడలకు ఇత్తడి బూరలు వేలాడుతుంటాయి. వాటిలో చిన్నది, మూడు మీటలున్నది ట్రంపెట్. మూడు మీటలే కదా, తేలికేమో అనుకోకండి. దాన్ని పలికించేది మీటలు కాదు, పెదవులు. పెదవులు అదిరితే స్వరం పుడుతుంది. ఆ పెదవులకు వెనక ఆసరా పళ్ళు.

అందుకే తొమాష్ స్టాంకో కథ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంటుంది. ఆయన పోలండు దేశపు జాజ్ ట్రంపెట్ కళాకారుడు. 1942లో పుట్టి 2018లో కన్నుమూశారు. 1980లో మన దేశానికి వచ్చి తాజ్ మహల్‌లోనూ, మహారాష్ట్రలోని కార్లా గుహల్లోనూ ఒంటరిగా వాయించి ఆ నాదాన్ని రికార్డు చేసుకున్నారు. గుహలో ఒక స్వరం వదిలితే అది గోడలు తాకి తిరిగి వస్తుంది, ఆయన దానికి జవాబు వాయిస్తారు. తరవాత 1990లలో ఆయన పళ్ళు పోయాయి. ట్రంపెట్ వాయించేవాడికి అది చిన్న దెబ్బ కాదు. కట్టుడు పళ్ళతో, యాభై దాటిన వయసులో, స్వరం పట్టడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నారు.

నాకు నచ్చేది ఆ తరవాతి సంగతి. అంత పేరున్న మనిషి తన ఈడువాళ్ళతో సర్దుకుపోకుండా, ఇరవైకి అటూ ఇటూ ఉన్న ముగ్గురు పోలిష్ కుర్రాళ్ళను పక్కన పెట్టుకున్నారు. వాళ్ళతో చాలా ఏళ్ళు వాయించారు. డెబ్బై ఏళ్ళ వయసులో న్యూయార్క్‌లో మళ్ళీ కొత్త బృందం కట్టారు. పియానోకు క్యూబాలో పుట్టిన డేవిడ్ విరేయెస్, బాస్‌కు థామస్ మోర్గన్, డ్రమ్స్‌కు జెరాల్డ్ క్లీవర్. ముగ్గురూ ఆయన కంటే బాగా చిన్నవాళ్ళు. 2013లో వచ్చిన ఆ బృందం ఆల్బమ్ పేరు ‘విస్వావా’. నోబెల్ బహుమతి పొందిన పోలిష్ కవయిత్రి విస్వావా షింబోర్స్‌కా జ్ఞాపకంగా పెట్టిన పేరది. భాషా పంతులమ్మను కాబట్టి ఈ ముక్క చెప్పకుండా ఉండలేను.

ఆ ఆల్బమ్ వింటే ఒకటి తెలుస్తుంది. నాయకుడు కొంచెం వాయించి పక్కకు తప్పుకుంటాడు. పియానో అందుకుంటుంది. తరవాత బాస్ వంతు. జాజ్‌లో ఇది మామూలే. పాటకు చట్రం ఒకటుంటుంది, అందులో ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. మనకూ కొత్త కాదు. కర్ణాటక సంగీత కచేరీలో ఎన్నోసార్లు గాయకుడు, వయొలిన్, మృదంగం రిహార్సల్ లేకుండానే వేదిక మీద కలుస్తారు. అయినా మృదంగానికి తని ఆవర్తనం ఉండి తీరుతుంది. “మీరు కొత్త, వచ్చే కచేరీలో చూద్దాం” అని ఎవరూ అనరు.

ఆ మాట నేను అన్నాను. ఇప్పటికి అయిదు ఊళ్ళు మారాను. ఏ ఊళ్ళో జరిగిందో చెప్పను. నవంబరులో ఎనిమిదో తరగతికి ఒక అబ్బాయి వచ్చాడు. తండ్రికి మధ్యలో బదిలీ అయింది. “మేడమ్, నేను ఏకపాత్రాభినయం చేస్తాను” అని స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి అడిగాడు. వార్షికోత్సవం పట్టిక అప్పటికే నోటీసు బోర్డు ఎక్కింది. “వచ్చే ఏడాది చూద్దాంలే నాన్నా” అన్నాను. వచ్చే ఏడాదికి వాడు లేడు. మార్చిలోనే టీసీ పట్టుకెళ్ళాడు. వాడి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియకుండానే పోయింది. బదిలీల మీద బతికే నేను, బదిలీల మీద బతికే పిల్లాడికి వచ్చే ఏడాది చూపించాను!

అందుకే నా అభిప్రాయం ఇది. మన బడుల్లో కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి వారంలోనే ఒక వంతు ఇవ్వాలి. ‘ముందు అలవాటు పడనీ’ అనడం దయలాగే ఉంటుంది కానీ, ఆ దయ వల్ల పిల్లలు ఆఖరి బెంచీలోనే ఏడాది గడిపేస్తారు. అన్నిచోట్లా కుదరదని నాకూ తెలుసు. ఇరవై నాలుగు మంది ఒక్కలా అడుగులు వేసే నృత్యంలో రెండు రోజుల ముందు ఇంకొకరిని దూర్చలేం. మార్చ్ పాస్ట్‌లోనూ అంతే. ఉదయం ప్రార్థనలో వార్తలు చదవడానికి ఏం అడ్డం? గోడపత్రికలో ఒక మూల ఖాళీగా ఉంచడానికి? హౌస్ క్విజ్‌కు?

కొత్తగా వచ్చేవాళ్ళతోనూ ఒక మాట. స్టాంకో ఏ బృందంలో ఉన్నా ఆయన ట్రంపెట్ కొంచెం గరగరగా, దిగులుగా పలికేది. క్యూబా పియానో పక్కన చేరిందని ఆ గొంతు మార్చుకోలేదు. అలాగని పియానోను వినకుండానూ లేడు. మీ గోదావరి యాసనో, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ తెలుగునో దాచుకోకండి. పక్కవాడి బంగ్లా కూడా చెవిన వేసుకోండి.

ఇంతకూ ఈ సంగతులు చెప్పడానికి కోల్‌కతా కంటే తగిన ఊరు లేదు. ఇక్కడ జాజ్ వినిపించినవాళ్ళలో ఎంతోమంది బయటినుంచి వచ్చినవాళ్ళే. అమెరికా పియానిస్టు టెడ్డీ వెదర్‌ఫోర్డ్ షాంఘై, బొంబాయి తిరిగి ఈ ఊరు చేరి, 1945లో ఇక్కడే పోయారు. 1970లలో పార్క్ స్ట్రీట్‌లోని బ్లూ ఫాక్స్ రెస్టారెంటులో వాయించిన లూయిజ్ బ్యాంక్స్ డార్జిలింగ్‌లో పుట్టిన నేపాలీ. ఆయన తండ్రి ట్రంపెట్ కళాకారుడు, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మీద ఇష్టంతో కొడుక్కి ఆ పేరు పెట్టారు. ఆయనతో వాయించిన శాక్సొఫోన్ కళాకారుడు బ్రాజ్ గోన్సాల్వెస్ గోవా మనిషి.

సోమవారం మన ఏడో తరగతికి విశాఖపట్నం నుంచి ఒకమ్మాయి వస్తోంది. బుధవారం వార్తలు తనవే. పట్టికలో పేరు రాయమని క్లాస్ లీడరుకు చెప్పాను. ఇంటిపేరు బాగా పొడుగట, రెండు గీతలు వదలమన్నాను.