మంచినీళ్లకు దువ్వెన కిటుకు

పొడిజుట్టు దువ్వుకున్న ప్లాస్టిక్ దువ్వెనను కాగితం ముక్కల దగ్గర పెట్టండి. టక్కున అతుక్కుంటాయి కదూ! రాపిడిలో పుట్టే ఆ విద్యుత్తును పట్టి వాడుకునే చిన్న పరికరాన్ని అమెరికాలోని జార్జియా టెక్‌లో జాంగ్ లిన్ వాంగ్ బృందం 2012లో తయారుచేసింది. బ్యాటరీ, ప్లగ్గు అక్కర్లేదు. చేత్తో నొక్కినా, గాలికి కదిలినా చాలు.

దీంతో నీళ్లలోని కంటికి కనిపించని ప్లాస్టిక్ నలుసుల్ని తీసేయవచ్చని ప్రయోగాలు చెబుతున్నాయి. ఈ నలుసులకు సాధారణంగా రుణావేశం ఉంటుంది. నీళ్లలో ముంచిన రెండు లోహపు రేకులకు ఈ విద్యుత్తు అందిస్తే, నలుసులు ధనావేశమున్న రేకు వైపు జరిగి అక్కడ చేరతాయి. వడపోత గుడ్డలోంచి జారిపోయేంత సన్నవి కూడా!

అయితే ఇదింకా ప్రయోగశాల ముచ్చటే. ఇంట్లో మాత్రం కరెంటు తీగలు నీళ్లలో పెట్టి ప్రయోగాలు చేయకండి సుమా!

అంతవరకూ మన పొయ్యి ఉందిగా. సున్నం ఎక్కువున్న నీళ్లను 5 నిమిషాలు మరిగిస్తే, తెల్లగా విడిపోయే ఆ సున్నం ప్లాస్టిక్ నలుసుల్నీ తనతో పట్టుకుంటుందని చైనా పరిశోధకులు 2024లో తెలిపారు. చల్లారాక సన్నని వడపోతతో వడకట్టుకోండి. సున్నం తక్కువున్న నీళ్లలో మాత్రం ఫలితం తక్కువే. గిన్నె అడుగున తెల్లపొర కనిపిస్తే విసుక్కోకండి, అదీ మన మేలుకే!