అడగడం మానేసింది మనమే

2024 డిసెంబరు 12న సింగపూరులో గుకేశ్ ప్రపంచ చదరంగ విజేత అయ్యాడు. సత్యవేడు వైపు మూలాలున్న తెలుగు కుటుంబం, పద్దెనిమిదేళ్ల కుర్రాడు. పులికాట్ ఒడ్డున ఉన్న మనం మావాడని చెప్పుకున్నాం, పిల్లలకు చదరంగం సెట్లు కొనిచ్చాం. దాదాపు అన్నీ ప్లాస్టిక్‌వే. అందులో తప్పేముందని అప్పుడు ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

పాతకాలపు చెక్క సెట్టును చేత్తో పట్టుకుని చూసినవాళ్లకు తేడా తెలుస్తుంది. బంటును, మంత్రిని, రాజును తిరుగుతున్న కర్రకు ఉలి ఆనించి తీయవచ్చు. గుర్రం అలా రాదు. మెడ వంపు, జూలు, ముక్కుపుటాలు, బిగిసిన దవడ అన్నీ చేత్తోనే చెక్కాలి. పావు తూలకుండా అడుగున సీసం పోస్తారు, బల్ల గీసుకోకుండా మెత్తటి గుడ్డ అంటిస్తారు. 1849లో లండన్‌లోని జేక్స్ సంస్థ తెచ్చిన స్టాంటన్ నమూనాను ఇవాళ అమృత్‌సర్ పనివాళ్లు చెక్కి దేశదేశాలకు పంపుతున్నారు.

ఆ విద్య మన చేతులకు రాదనలేం. పద్దెనిమిదో శతాబ్దంలోనే విశాఖపట్నం పనివాళ్లు దంతపు పనిలో పేరు పొందారు, దొరలకు చదరంగం పావులు కూడా చేసి అమ్మారు. దంతం పోయినందుకు బాధ లేదు, ఏనుగు ప్రాణం తీసిన సరుకు అది. పోకూడనిది పనితనం. మన జిల్లాలోనే, ఏర్పేడు దగ్గర, మాధవమాల ఉంది. తరతరాలుగా కొయ్య చెక్కుతున్న ఊరు. దేవతల కిరీటాలూ నగలూ చెక్కలో తీర్చే చేతులకు గుర్రం జూలు కష్టమా? మనం వాళ్లను దేవుడి బొమ్మలు తప్ప వేరే ఏం అడిగాం? వాటికీ బేరమాడాం.

ఎందుకు అడగలేదంటే, ఎర్రచందనం మీద ఆంక్షలున్నాయి కదా అనుకున్నాం. నిజమే, 1995 నుంచి ఆ చెట్టు అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉంది. శేషాచలం అడవి బతకాలంటే ఆ ఆంక్షలు ఉండాల్సిందే. అయితే పావులకు ఎర్రచందనమే కావాలా? టేకు ఉంది, వేప ఉంది, నిద్రగన్నేరు ఉంది. చెక్క దొరక్క కాదు, ఆ మాట మనకు సాకుగా పనికొచ్చింది.

ఇంట్లో ఉన్నవి మాత్రం నిలుపుకున్నామా? పద్నాలుగు గుంటల వామనగుంటల పీటను, అమ్మమ్మల చేతుల రాపిడికి నున్నబడిన చెక్కను, పాత సామాన్ల బండికి వేసి స్టీలు గిన్నె తెచ్చుకున్నాం. ఇల్లు గడవక ఇచ్చేశామని చెప్పుకోవచ్చు. కొన్ని ఇళ్లలో అది నిజమే. ఎక్కువ ఇళ్లలో మాత్రం అటక మీద చోటు కోసం ఇచ్చేశాం. పెద్దవాళ్లు వద్దనలేదంటాం. అసలు వాళ్లను అడిగితే కదా!

శ్రీసిటీ పారిశ్రామికవాడ వచ్చాక పిల్లలు ఫ్యాక్టరీల్లో చేరారు. నెల జీతం కోరుకోవడం తప్పు కాదు, ఉలి పట్టినవాడి ఇంటికీ ఆ జీతం కావాలి. కానీ కొయ్య చెక్కడం చదువు అబ్బనివాడు చేసుకునే పని అని పిల్లల ఎదుటే అన్నాం. ఎవరైనా అంటే విని ఊరుకున్నాం. ఊరుకోవడం కూడా ఒప్పుకోవడమే.

బడి పోటీలకు పదుల సెట్లు కావాలి. ప్లాస్టిక్ చవక, తేలిక, పోయినా బెంగ లేదు. ఆట నేర్చుకునే పిల్లకు అది చాలు, ఒప్పుకుంటాను. కానీ బడికి ఒక్క చెక్క సెట్టయినా ఉంటే, ఆ గుర్రాన్ని ఒక మనిషి కూర్చుని చెక్కాడని పిల్లలకు తెలిసేది. ఆడేవాళ్లకు దండలు వేశాం, చేసేవాళ్ల ఊరి పేరు కూడా పిల్లలకు చెప్పలేదు.

మాధవమాలలో ఉలి ఇంకా ఆగలేదు. మీ బడికో, గ్రంథాలయానికో, ఇంటికో ఒక్క సెట్టు చెక్కగలరా అని వెళ్లి అడగండి. నెలలు పడుతుందంటే ఆగండి. చెప్పిన ధర బేరమాడకుండా ఇవ్వండి.