వచ్చిన ఫలితము, రావలసిన ఫలితము

విద్య యనగా పట్టా, పట్టా యనగా కొలువు అని తలచుట మనవారికి క్రొత్త గాదు. ఆ తలపు ఇతర విద్యలకు పట్టినచో విద్యయే చెడును; వ్యాధిమూలమును శోధించు విద్యకు పట్టినచో ప్రాణములు చెడును. రక్తమును, నీటిని, సూక్ష్మజీవులను పరీక్షించి దేహమునందలి మేలుకీడులను తెలుపు జీవవైద్యశాస్త్రములను నేడు గుంటూరు, ప్రకాశము సీమల బిడ్డలనేకులు చదువుచున్నారు. పత్తి యమ్మియు, మిరప యమ్మియు, అవి చాలనిచోట అప్పు తెచ్చియు తల్లిదండ్రులు వారిని చదివించుచున్నారు. గుంటూరున 1946లో వైద్యకళాశాల వెలసెను. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయము వెలసెను. భవనములకు కొదువ లేదు, పట్టాలకు కొదువ లేదు. కొదువ యెచ్చటనో చూతము.

విద్యార్థి ప్రయోగశాలలో గడపు దినమెట్టిది? ఉపకరణము నొకడు పట్టుకొనును. పదుగురు చుట్టును నిలిచి చూతురు. రావలసిన ఫలితము గ్రంథమున ముందే యచ్చుపడి యున్నది. నాళికయం దేమి వచ్చినను రికార్డునందు అచ్చుపడినదే యెక్కును. నిరుటి రికార్డు చూచి యేటి రికార్డు పుట్టును. పరీక్షాధికారి అట్టలును, గీతలును, సంతకములును చూచి మార్కులు వేయును. అన్ని కళాశాలలును ఇట్టివే యని నే ననను. సత్యమైన కొలతను ప్రాణముగా నెంచు ఉపాధ్యాయులు లేకపోలేదు. కాని పెక్కుచోట్ల ఆచార మిదియే యని చదివినవా రెల్ల నెరుగుదురు. సత్యమును కొలుచుట నేర్పవలసిన గదిలోనే అసత్యమునకు అక్షరాభ్యాసము జరుగుచున్నది!

ఇది చిన్న దోషమని కొట్టివేయువారు ఒక్క తెలుగువాని చరిత్రము స్మరింతురు గాక. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు చెన్నపురి వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి, ఆంగ్లేయాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.యస్. పట్టమునకు మారుగా అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందెను. 1923లో అమెరికాకు పోయి, హార్వర్డు విద్యాలయమున సైరస్ ఫిస్కుతో గూడి రక్తమూత్రాదులందలి భాస్వరమును నీలిరంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆ పద్ధతినే కండరముల రసమునకు ప్రయోగింపగా, వెంటనే రావలసిన నీలిరంగు ఆలసించి వచ్చెను. వారా యాలస్యమును దాచలేదు. ఏల యాలస్యమైనదని యడిగిరి. ఆ ప్రశ్న వెంటనంటి పోగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయల్పడెను. కండరము శక్తి నెట్లు నిలువజేసికొనునో లోకమునకు తెలిసెను. ఆ ఫిస్కు సుబ్బారావుల పద్ధతినే మన విద్యార్థులు నేడును ప్రయోగశాలలో చేయుచున్నారు. వారి నాళికలో రంగు ఆలసించిన నేమగును? గ్రంథములోని యంకె రికార్డునకెక్కును, ఆలస్యము కుండీలోనికి పోవును. సుబ్బారావు మన తరగతిలో నుండినచో ఏమి కనుగొనియుండును? మంచి మార్కులు కనుగొనియుండును!

మరి శోధింప దగినవి మనసీమలో లేవా? దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు నెల్లూరు జిల్లాలో నున్న కాలమున, 1937లో షార్టు మున్నగు వైద్యులు ఆ జిల్లాలోని జనుల యెముకల వ్యాధికి త్రాగునీటిలోని ఫ్లోరైడు కారణమని ప్రకటించిరి. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ హద్దు చెప్పియున్నది. హద్దు మీరిన నీరు ఏండ్లకొలది త్రాగినవారికి పండ్లు గారపట్టును, కీళ్లు బిగియును, నడుము వంగును. దీనిని కూడ రంగునుబట్టి కొలువవచ్చును. ఆ పల్లెనుండి వచ్చిన బాలుడు ఫ్లోరోసిస్ లక్షణములను ఇంగ్లీషున పది వాక్యములలో నొప్పజెప్పును. తన యింటి బోరునీటిని మాత్రము ఒక్కనాడును సీసాలో పట్టి తేడు, తెమ్మని యడుగువాడును లేడు.

పత్తిచేలలో చల్లు పురుగుమందులలో పెక్కింటికి నరములందలి ఎసిటైల్ కోలిన్ ఎస్టరేజ్ అను ఎంజైమును స్తంభింపజేయు గుణము కలదు. తరగతిలో ఇది యైదు మార్కుల ప్రశ్న; చేనిలో ముఖమునకు గుడ్డ కట్టుకొని మందు కొట్టు కూలికి ఇది కన్నులు మసకలు క్రమ్ముట, నోట చొంగ కారుట, ఊపిరి యాడకుండుట. జిన్నింగు మిల్లులో పత్తిదూది ధూళి పీల్చు కూలికి సెలవుదినము గడచి పనిలో చేరిననాడే రొమ్ము బిగియుట యొక వ్యాధిలక్షణమని గ్రంథములు చెప్పుచున్నవి. మిల్లులోని యామె కెవరు చెప్పిరి? 2021లో వైద్యమున నోబెల్ బహుమానము నందినవారిలో నొకడగు డేవిడ్ జూలియస్, మిరపకారమునందలి కాప్సైసిన్ సాయముననే వేడిమిని, మంటను గ్రహించు నరముల ద్వారమును కనుగొనెను. మిరప యార్డు ప్రక్కనే చదువుకొను మనకు ఆ మిరప తుమ్ములనే తెచ్చినది గాని ప్రశ్నను తేలేదు.

యంత్రములు లేవందురు. సుబ్బారావునకు కావలసినది రంగును పోల్చి చూచు సాధనమును, నిజము వ్రాయు చేయియును. ఇంగ్లీషు లేనిదే శాస్త్రము రాదందురు. ఇంగ్లీషు నేర్వవలసినదే, కాని తెలుగున తల్లికి చెప్పజాలని శాస్త్రము తనకును తెలియలేదనియే యర్థము. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మున్నగువారు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి జీవశాస్త్రమును, రసాయనశాస్త్రమును తెలుగున ప్రకటించెను. 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము వైద్యమును ఉర్దూలో బోధించెను. వారికి సాధ్యమైనది మన కేల యసాధ్యము?

కొలువులకు పట్టాయే చాలునందురు. ఇదియే మిక్కిలి యపాయకరమైన మాట. ఈ విద్యార్థులే రేపు రోగనిర్ణయశాలలలో కూర్చుండి రక్తము పరీక్షింతురు. రికార్డులో లేని రంగును వ్రాసినవాడు రోగి చీటిపై లేని యంకెను వ్రాయడని పూచీ యెవరు?

కావున విశ్వవిద్యాలయములు మూడు పనులు చేయవలయును. గ్రంథముతో కలియకున్నను నిజముగా వచ్చిన ఫలితమును వ్రాసి, ఏల కలియలేదో విచారించిన విద్యార్థికి పూర్తి మార్కు లీయవలయును. పట్టాకు ముందు ప్రతి విద్యార్థియు ఒక పల్లె నీటినో, ఒక మిల్లు ధూళినో, వైద్యుల యాజమాన్యమునను కూలీల సమ్మతితోను వారి రక్తమునో స్వయముగా పరీక్షింపవలయును. ఆ ఫలితమును ఆ పల్లెవారి యెదుట తెలుగున చదివి, వారి ప్రశ్నలకు బదులు చెప్పవలయును. ఈ చదువునకు సొమ్ము పెట్టినవారు ఆ పల్లెవారే గదా! తాము త్రాగు నీటిలో నేమున్నదో తెలిసికొను హక్కు వారికి కలదు.