లారీ ఆగినా వడ్డీ ఆగదు

గంగానదికి దక్షిణపు ఒడ్డున పాట్నా, ఉత్తరపు ఒడ్డున హాజీపూర్ ఉన్నాయి. ఈ రెండు నగరాలను కలుపుతూ నిర్మించిన మహాత్మాగాంధీ సేతువును 1982 మే నెలలో నాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ ప్రారంభించారు. దీని పొడవు సుమారు 5.6 కిలోమీటర్లు. అంతకుముందు ఉత్తర బీహారు వాసులు రాజధానికి చేరాలంటే రేవులో స్టీమరు కోసం వేచి ఉండాలి. లేదా 1959లో మొకామా వద్ద ప్రారంభమైన రాజేంద్ర సేతువు మీదుగా చుట్టు తిరిగి రావాలి.

హాజీపూర్ పరిసరాలు అరటి తోటలకు ప్రసిద్ధి. కోసిన గెల రేవులో నిరీక్షించలేదు. కనుక రైతుకు ఈ సేతువు గొప్ప వరమయింది.

అయితే కాలక్రమేణా కాంక్రీటు భాగాలు బలహీనపడ్డాయి. స్పానుల నడుమ అతుకుల వద్ద వంతెన కుంగింది. మరమ్మతులకై ఒక్కొక్క భాగం మూసివేయగా వాహనాలు గంటల తరబడి నిలిచిపోయేవి. చివరకు పునాదులను, స్తంభాలను ఉంచి, పైభాగాన్ని తొలగించి ఉక్కు ట్రస్సులు అమర్చవలసివచ్చింది. పడమటి భాగం 2020 జూలైలోను, తూర్పు భాగం 2022 జూన్‌లోను తిరిగి ప్రారంభమయ్యాయి.

ఈ జాప్యపు నష్టం వంతెన ఖర్చుల పద్దులో కనిపించదు. రైతు రుణఖాతాలో కనిపిస్తుంది. సరుకు ఆలస్యమవుతుందన్న భయంతో వర్తకుడు ముందే ధర తగ్గిస్తాడు. ఎరువుల డీలరుకు సరుకు సకాలంలో అందక అదను దాటిపోతుంది. లారీ ఆగినా వడ్డీ మాత్రం ఆగదు.

కొత్త వంతెనలు అవసరమే. కాని నిర్వహణకు నిధి మొదటి రోజునుండే ప్రత్యేకించకపోతే అవి కూడా ఇదే దారి పడతాయి. తప్పనిసరి మరమ్మతులను కోతల కాలంలో చేపట్టరాదు. మూసివేత తేదీలను రైతులకు, వర్తకులకు ముందుగా తెలియజేయాలి. మన బాధ్యత కూడా లేకపోలేదు. పరిమితికి మించి సరుకు వేసిన లారీ నేడు కిరాయి మిగిల్చినా, రేపటి దారిని దెబ్బతీస్తుంది. గౌతమీ గోదావరి వంతెనను నమ్ముకున్న రావులపాలెం అరటి వర్తకులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

అప్పుతో కొన్న ట్రాక్టరును సక్రమంగా ఉంచుకున్నామా లేదా అని బ్యాంకు అధికారి తనిఖీ చేస్తారు. ప్రజాధనంతో కట్టిన వంతెనకు కూడా అట్టి తనిఖీ క్రమం తప్పక జరగాలని కోరడం రైతుకు గల హక్కు.